రెండు దీవుల పక్షి

నికోబార్ పావురానికి పగటికి ఒక చోటు, రాత్రికి ఒక చోటు కావాలి. రాత్రి తలదాచుకోవడానికి మనుషులూ పిల్లులూ లేని చిన్న దీవిని చూసుకుంటుంది. అక్కడే చెట్ల మీద గుంపుగా నిద్రపోతుంది, గూడూ అక్కడే కడుతుంది. తెల్లవారితే సముద్రం దాటి పెద్ద దీవికి పోయి, దట్టమైన అడవిలో నేల మీద తిరుగుతూ గింజలు ఏరుకుంటుంది. సాయంత్రం మళ్లీ సముద్రం దాటి ఇల్లు చేరుతుంది. నికోబార్ దీవుల నుంచి పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవుల దాకా ఇది ఉండే చాలా చోట్ల దీని బతుకు ఇలాగే సాగుతుంది.

ఈ పక్షిని గురించి దాదాపు మూడు వందల ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. బొమ్మలు గీసినవాళ్లు రంగుల గురించి రాశారు. ఓడల్లో తిరిగిన ప్రకృతి శాస్త్రవేత్తలు రాకపోకల గురించి రాశారు. ఈ శతాబ్దంలో జన్యుశాస్త్రజ్ఞులు వచ్చి చుట్టరికాలు తేల్చారు. అడవుల శాఖలూ అంతర్జాతీయ సంస్థలూ రక్షణ గురించి రాశాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు బలంగా తోచేది ఒకటుంది. ఈ పావురం ఏ ఒక్క దీవిదీ కాదు. నిద్రపోయే దీవి, మేసే దీవి, మధ్యలో సముద్రం కలిస్తేనే దాని ఇల్లు. దాని ఒంటి తీరు, తోక రంగు, చుట్టపు పక్షుల చరిత్ర అన్నీ ఈ సంగతినే చెబుతున్నాయి. మన రక్షణ ఏర్పాట్లు మాత్రం ఆ ఇంటిని ముక్కలుగా చూస్తున్నాయి.

ముందు రూపం చూద్దాం. ముక్కు నుంచి తోక దాకా సుమారు 40 సెంటీమీటర్లు, బరువు అర కిలో అటూ ఇటూ. మన ఊళ్లలో గుడి గోపురాల మీద వాలే పావురం కంటే బాగా పెద్దది, బలిష్ఠమైనది. తల ముదురు బూడిద రంగు. మెడ దగ్గర నుంచి పొడవాటి సన్నని ఈకలు భుజాల మీదికి జాలువారుతుంటాయి. వాటిలో ఆకుపచ్చ, రాగి రంగు, బంగారు ఛాయ కలిసి మెరుస్తాయి. వీపూ రెక్కలూ లోహంలా తళతళలాడే ఆకుపచ్చ. కాళ్లు ఎర్రటివి, బలమైనవి. ముక్కు మొదట్లో నల్లటి చిన్న బుడిపె ఉంటుంది, అది మగపక్షికి కాస్త పెద్దది. ఆడపక్షి కొంచెం చిన్నగా ఉంటుంది, మెడ ఈకలు కురచగా ఉంటాయి. ఇంత రంగుల ఒంటికి చివర పొట్టి తోక ఉంది. అది మచ్చ లేని తెలుపు.

ఈ మెరుపులో ఎక్కువ భాగం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. పావురాల మెడ ఈకల్లో మెరుపు ఎలా వస్తుందో శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో చూశారు. ఈకలోని అతి సన్నని పోచల పైన కెరాటిన్ పొర ఒకటి ఉంటుంది, దాని కింద మెలనిన్ రేణువులు ఉంటాయి. పొర పైభాగం నుంచి కొంత కాంతి, అడుగు నుంచి కొంత కాంతి తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. వాన నీటి మీద తేలే నూనె చుక్కలో రంగులు కనిపించేదీ ఇందుకే. చూసే కోణం మారితే రంగు మారుతుంది. అందుకే ఒకే పక్షిని ఒకరు ఆకుపచ్చ అని, ఇంకొకరు రాగి రంగు అని, మరొకరు నీలం అని రాశారు. ముగ్గురూ చూసిందే రాశారు.

ఫోటోల్లో ఈ పక్షిని చూసినవాళ్లకు ఇంత కొట్టొచ్చే రంగుతో అడవిలో ఎలా దాక్కుంటుందా అనిపిస్తుంది. ఆ ఫోటోలు చాలామటుకు జంతు ప్రదర్శనశాలల్లో, నేరుగా ఎండ పడే చోట తీసినవి. దట్టమైన అడవి నీడలో ఈ రంగులకు వెలుగు అందదు. అక్కడ పక్షి దాదాపు నల్లగా కనిపిస్తుంది. నేల మీద మేసే వేళ ఇది కనిపించకుండా పోగలదు, ఎండపొడ మీద పడినప్పుడు తోటి పక్షులకు మెరిసి కనిపించగలదు. రెండూ ఒకే ఈకలతో సాధ్యమవుతున్నాయి. నేల మీద వేటాడే జంతువులు లేని దీవుల్లో పెరిగింది కాబట్టే ఇన్ని రంగులు వచ్చాయని కొందరు అంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉండవచ్చు గానీ, అడవిలోని వెలుతురును లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన మాటగా నాకు అనిపిస్తుంది.

తెల్ల తోక సంగతి ఇంకా ఆసక్తికరం. ఈ పావురాలు సముద్రం దాటేటప్పుడు చెల్లాచెదురు గుంపుగా ఎగరవు. ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి పోతాయి. అవి ప్రయాణించేది వేకువ చీకట్లో, సందె చీకట్లో. ఒళ్లంతా ముదురు రంగున్న పక్షుల వరుసలో వెనకనున్న పక్షికి ముందున్నదాని తెల్ల తోక మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. గుంపు తప్పిపోకుండా నీళ్ల మీద దారి చూపేది ఈ తోకేనని పరిశీలకుల అభిప్రాయం. పిల్ల పక్షులకు ఈ తెల్ల తోక ఉండదు. ఈడు వచ్చేదాకా వాటి తోక ముదురు రంగులోనే ఉంటుంది. అంటే తోక చూస్తేనే ఇది ఇంకా జత కట్టే వయసు రాని పక్షి, పోటీకి వచ్చేది కాదు, దీని వెనక దారి పట్టి పోవడానికి లేదు అని పెద్ద పక్షులకు తెలిసిపోతుంది. సముద్రం దాటే అలవాటు లేని పక్షికి ఇలాంటి తోక వల్ల పెద్ద లాభం ఉండదు. నా వాదనకు మొదటి సాక్ష్యం ఈ తోకే.

ఐరోపా పుస్తకాల్లోకి ఈ పక్షి 18వ శతాబ్దంలో ఎక్కింది. 1738లో ఇంగ్లండుకు చెందిన ఎలియాజర్ ఆల్బిన్ తన పక్షుల గ్రంథంలో దీని వర్ణనతో పాటు రెండు చిత్రాలు ఇచ్చాడు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఆల్బిన్ పుస్తకాన్ని ఆధారం చేసుకుని దీనికి కొలంబా నికోబారికా అనే శాస్త్రీయ నామం పెట్టాడు. 1840లో ఇంగ్లండు శాస్త్రవేత్త జార్జ్ రాబర్ట్ గ్రే దీన్ని మిగతా పావురాల నుంచి విడదీసి కెలీనాస్ అనే ప్రజాతిలో చేర్చాడు. ఆ ప్రజాతిలో ఈరోజు ప్రాణంతో ఉన్నది ఇదొక్కటే.

నికోబార్ పేరు పెట్టుకున్నా ఇది ఉండే మేర చాలా పెద్దది. బంగాళాఖాతంలో నికోబార్ దీవులు పడమటి కొస. అక్కడి నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, కంబోడియా తీరాల దగ్గరి చిన్న దీవులు, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్, న్యూగినీ చుట్టుపక్కల దీవులు, చివర సాలమన్ దీవులు. ఈ కొస నుంచి ఆ కొసకు 7,000 కిలోమీటర్లు దాటుతుంది. ఇంత దూరంలో శాస్త్రజ్ఞులు గుర్తించిన ఉపజాతులు రెండే రెండు. దాదాపు అంతటా ఉన్నది ఒకటి, పసిఫిక్‌లో ఒంటరిగా దూరాన ఉన్న పలావు దీవులది రెండోది.

ఈ సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. దీవుల్లోని పక్షులు మామూలుగా దీవికో రకంగా విడిపోతాయి. ఇదే ప్రాంతంలోని ఇతర పావురాల్లో ఒక్కో దీవికి వేరు రూపాలు ఏర్పడ్డాయి. నికోబార్ పావురం 7,000 కిలోమీటర్ల మేర దాదాపు ఒకే రూపంలో నిలిచిందంటే, దీవికీ దీవికీ మధ్య రాకపోకలు ఎన్నడూ ఆగలేదని అర్థం. అన్నిటికీ బాగా దూరంగా ఉన్న పలావులో మాత్రమే వేరు రూపం వచ్చింది. ఇది రెండో సాక్ష్యం.

ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఈ సంగతిని ముందే పసిగట్టాడు. 1869లో వచ్చిన ‘ది మలయ్ ఆర్కిపెలాగో’లో ఆయన ఈ పావురం చిన్న దీవులనే ఎందుకు ఇష్టపడుతుందో ఆలోచించాడు. నేల మీద మేసే పక్షి కాబట్టి, నేల మీద వేటాడే జంతువులున్న పెద్ద భూభాగాల్లో దానికి రక్షణ లేదని ఆయన వివరణ. చూడటానికి బరువుగా, ఎగరడానికి బద్ధకంగా కనిపించే ఈ పక్షి న్యూగినీ తీరానికి నూరు మైళ్ల దూరాన సముద్రం మీద దొరికిందని కూడా రాశాడు. ఆ ఆశ్చర్యం నేటికీ తీరలేదు. 2017లో ఆస్ట్రేలియా వాయవ్య తీరంలోని కింబర్లీ ప్రాంతంలో, దాని మామూలు మేరకు ఎంతో దూరంగా, ఆదివాసీ బార్డీ జావీ రేంజర్లకు ఒక నికోబార్ పావురం దొరికింది.

నికోబార్ దీవుల్లోని ఈ పక్షుల గురించి తొలినాటి వివరాలు చాలావరకు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ బృందం వల్ల వచ్చినవే. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడిగా హ్యూమ్ మనకు తెలుసు. ఈ దేశపు పక్షుల అధ్యయనానికి ఆయన చేసిన సేవ అంతకు తక్కువేమీ కాదు. 1873లో ఆయన అండమాన్, నికోబార్ దీవులకు వెళ్లి, మరుసటి ఏడాది తన పత్రిక ‘స్ట్రే ఫెదర్స్’లో ఆ దీవుల పక్షులన్నిటి మీదా పెద్ద వ్యాసం అచ్చువేశాడు. ఆయన దగ్గర పనిచేసిన డేవిసన్, బట్టిమాల్వ్ అనే చిన్న దీవిలో ఈ పావురాలు పెద్ద ఎత్తున గూళ్లు పెడుతున్నాయని, ఒక్కో చెట్టు మీద అనేక గూళ్లు ఉన్నాయని గమనించాడు.

బట్టిమాల్వ్ కార్ నికోబార్‌కు దక్షిణాన, చౌరా దీవికి ఉత్తరాన ఉంది. విస్తీర్ణం సుమారు 2 చదరపు కిలోమీటర్లే. మనుషులు నివసించరు. ఇప్పుడది వన్యప్రాణి అభయారణ్యం. భారతదేశంలో ఈ పక్షికి అతి ముఖ్యమైన స్థావరం ఇదేనని ఇటీవలి రచనలూ చెబుతాయి. అంత చిన్న దీవిలోని అడవి వేల పావురాలకు రోజూ మేత పెట్టలేదని లెక్క వేయకుండానే చెప్పవచ్చు. అవి వేరే దీవులకు పోయి తినాల్సిందే.

ఏం తింటుంది అన్నదానికి జవాబు పొడుగ్గా ఏమీ లేదు. గింజలు, రాలిన పండ్లు, మొగ్గలు, అప్పుడప్పుడూ పురుగులు. ఎలా తింటుంది అన్నదే అసలు విశేషం. కోడి కూర వండే ప్రతి ఇంట్లోనూ కందనకాయ తెలుసు. నికోబార్ పావురం కందనకాయ మామూలుది కాదు. మందమైన కండ, లోపల గట్టి పొర, దానిలో ఒక గులకరాయి. మనిషి సుత్తితో కొడితే గానీ పగలని గింజలను అది పిండి చేయగలదు. వేరే పక్షులు ముట్టని గట్టి గింజలు దీనికి మేత. దీవుల్లో మేతకు కరువు తరచుగా వస్తుంది కాబట్టి ఇది మామూలు వరం కాదు. ఆ గులకరాయే దీనికి శాపంగానూ మారింది. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల ఆ రాళ్లను నగల్లో పొదుగుతారు. రాయి కోసం పక్షిని చంపుతారు.

అడవికి ఈ పక్షి చేసే మేలు గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. పావురాలు గింజలు మోసుకుపోయి కొత్త దీవుల్లో అడవులు నాటుతాయని చాలా వ్యాసాలు రాస్తాయి. నికోబార్‌లో కూడా ఉండే డ్యూక్యులా ప్రజాతి పెద్ద పావురాల విషయంలో ఆ మాట నిజం. అవి పండును గింజతో సహా మింగి, గింజను చెక్కుచెదరకుండా వేరేచోట వదులుతాయి. నికోబార్ పావురం గింజను పిండి చేసుకుని తింటుంది. అది తిన్న గింజ మొలవదు. ఏ గింజ బతకాలో, ఏది పోవాలో తేల్చడంలో దీని పాత్ర ఉంటుంది గానీ, దీన్ని అడవిని నాటే పక్షిగా చూపడం సరికాదు. ఒక ప్రాణిని కాపాడాలంటే అది మనకు ఏదో లాభం చేస్తున్నట్టు రుజువు చూపాలన్న తొందరలో ఇలాంటి మాటలు పుడతాయి. అబద్ధపు సాక్ష్యం అవసరం లేకుండానే ఈ పక్షి కాపాడదగ్గది.

సంతానం విషయంలో ఇది చాలా నెమ్మది. పుల్లలతో వదులుగా అల్లిన గూట్లో ఒక్కటే గుడ్డు పెడుతుంది. తెల్లటి గుడ్డు మీద లేత నీలం ఛాయ ఉంటుంది. పిల్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ పావురం పాలు పడతారు. పావురాల జాతులన్నిటికీ ఉన్న గొప్ప ఏర్పాటు ఇది. మెడ కింద తిండి నిలవ చేసుకునే సంచి లోపలి పొర మందమై, కొవ్వూ మాంసకృత్తులూ నిండిన పెరుగులాంటి పదార్థంగా రాలుతుంది. స్తన్యానికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోనే ఇక్కడా పనిచేస్తుంది. గూడు ఒక దీవిలో, మేత ఇంకో దీవిలో ఉన్న పక్షికి ఈ పాలు ఎంత అవసరమో ఆలోచించండి. పిల్ల నోటికి సరిపడే మెత్తటి పురుగుల కోసం వెతుక్కోనక్కర లేదు. పెద్దలు సముద్రం అవతల తిన్న గట్టి గింజలే ఇవతల పిల్లకు పాలవుతాయి. కాకపోతే కాన్పుకు ఒక్క పిల్ల కావడం వల్ల ఒకసారి దెబ్బతిన్న గుంపు తిరిగి కోలుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మారిషస్ దీవిలో బతికి అంతరించిన డోడో దగ్గరికి వద్దాం. ఈ పావురం పేరు పత్రికల్లో కనిపించేదే డోడో వల్ల.

2002లో జన్యుశాస్త్రజ్ఞురాలు బెత్ షపీరో, ఆమె సహచరులు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని డోడో అవశేషం నుంచి డీఎన్ఏ తీసి ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. డోడో పావురాల వంశానిదేనని, దానికి అతి దగ్గరి చుట్టం రోడ్రిగ్స్ దీవిలో బతికి అంతరించిన సాలిటైర్ పక్షి అని, ఇప్పుడు బతికున్న పక్షుల్లో నికోబార్ పావురమే వాటికి అందరికంటే దగ్గరిదని తేలింది. న్యూగినీకి చెందిన కిరీటపు పావురాలు, సమోవాకు చెందిన పళ్ల ముక్కు పావురం కూడా ఈ బంధుకోటిలోనివే. ఆ పరిశోధన అంచనా ప్రకారం డోడో, సాలిటైర్‌ల పూర్వీకులు ఆగ్నేయాసియా చుట్టాల నుంచి 4 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. ఆ రెండూ ఒకదాని నుంచి ఒకటి విడిపోయి రెండున్నర కోట్ల ఏళ్లు. మారిషస్ దీవి సముద్రంలోంచి లేచి 80 లక్షల ఏళ్లే అయింది, రోడ్రిగ్స్ అంతకంటే చిన్నది. దీన్నిబట్టి ఆ పక్షుల పూర్వీకులు ఇప్పుడు మునిగిపోయిన పాత దీవుల మీదుగా, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఎగురుతూ వచ్చి ఉండాలి.

ఈ వంశంలో మరో రెండు పేర్లున్నాయి. న్యూ కలడోనియా, టోంగా దీవుల్లో దొరికిన ఎముకల ఆధారంగా 1989లో వర్ణించిన కెలీనాస్ కెనకోరమ్ నికోబార్ పావురం కంటే పెద్దది. మనుషులు ఆ దీవుల్లో కాలుపెట్టాక అది మాయమైంది. రెండోది ఇంగ్లండులోని లివర్‌పూల్ మ్యూజియంలో ఒకే ఒక్క నమూనాగా మిగిలిన చుక్కల ఆకుపచ్చ పావురం. దాన్ని పక్షిశాస్త్రవేత్త లేథమ్ 1783లో వర్ణించాడు, గ్మెలిన్ 1789లో శాస్త్రీయ నామం ఇచ్చాడు. అది ఎక్కడిదో ఎవరూ రాసిపెట్టలేదు. రెండు శతాబ్దాల పాటు అది నిజంగా వేరే జాతేనా అని సందేహపడ్డారు. 2014లో దాని ఈకల నుంచి తీసిన డీఎన్ఏ అది వేరే జాతేనని, నికోబార్ పావురానికీ డోడో సాలిటైర్‌లకూ చుట్టమని చూపింది. ఆ పరిశోధకులు కూడా ఈ వంశం దీవి నుంచి దీవికి అడుగులు వేస్తూ విస్తరించిందన్న అభిప్రాయాన్నే బలపరిచారు.

వంశమంతా కలిపి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డోడో మారిషస్‌లో దిగాక అక్కడే ఉండిపోయింది. పెద్ద దీవి, నిండా మేత, వేటాడే జంతువు లేదు. ఎగరాల్సిన పని తప్పింది. ఒళ్లు పెరిగి, రెక్కలు కుంచించుకుపోయాయి. 1598లో డచ్చి ఓడలు వచ్చాయి, వాటితో ఎలుకలు, పందులు, కోతులు వచ్చాయి. 1662 తరవాత డోడోను చూసినట్టు నమ్మదగిన ఆధారం లేదని చాలామంది అంగీకరిస్తారు. 19వ శతాబ్దంలో చెరుకు తోటల్లో కూలి పనికి మన తెలుగువాళ్లు మారిషస్‌లో దిగేనాటికి ఆ పక్షి పోయి ఒకటిన్నర శతాబ్దం దాటింది. వాళ్ల సంతతి నేటికీ అక్కడ ఉన్నారు. డోడో ఆ దేశపు అధికార చిహ్నం మీద ఉంది. సాలిటైర్ కూడా 18వ శతాబ్దంలోనే పోయింది. నికోబార్ పావురం రెక్కలు వదులుకోలేదు. దానికి ఏ ఒక్క దీవీ సరిపోకపోవడమే అందుకు కారణమని నా అభిప్రాయం. నిద్రకు భద్రమైన దీవిలో తిండి లేదు, తిండి ఉన్న దీవిలో భద్రత లేదు. రోజూ సముద్రం దాటక తప్పని జీవితమే దాని రెక్కలను కాపాడింది.

2023లో అమెరికాలోని కొలోసల్ బయోసైన్సెస్ సంస్థ డోడోను తిరిగి తెస్తామని ప్రకటించింది. షపీరో ఆ పనిలో ఉన్నారు. డోడో జన్యువుల్లోని తేడాలను నికోబార్ పావురం కణాల్లో ప్రవేశపెట్టి, కోళ్లను అద్దె తల్లులుగా వాడి డోడో లాంటి పక్షిని పుట్టించాలన్నది ఆలోచన. పక్షుల పిండ కణాలను ప్రయోగశాలలో పెంచే విద్య వృద్ధి చెందితే అపాయంలో ఉన్న ఇతర పక్షులకూ పనికొస్తుంది, ఆ మేరకు అది మంచి ప్రయత్నమే. అయినా పుట్టేది డోడో కాదు, డోడో పోలికలు దిద్దిన పావురం. ఆ పక్షి తిరగాల్సిన మారిషస్ అడవిలో చాలా భాగం ఇప్పుడు లేదు. మూడున్నర శతాబ్దాల కిందట పోయినదాని కోసం పెట్టే ధ్యాసలో సగమైనా, ఇంకా ఎగురుతున్న దాని చుట్టం మీద పెడితే బాగుండునని నేను కోరుకుంటాను.

ఎందుకంటే ఆ చుట్టం పరిస్థితి బాగాలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని అపాయపుటంచుకు చేరువైన జాతిగా గుర్తించింది. సంఖ్య తగ్గుతోందని చెబుతోంది. మాంసం కోసం, కందనకాయ రాయి కోసం, పంజరంలో పెంచుకోవడానికి పట్టుకుంటున్నారు. అపాయంలో ఉన్న ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉండడం వల్ల అంతర్జాతీయ వ్యాపారానికి దీన్ని అమ్మడం నిషిద్ధం. దేశాల లోపల జరిగే వేటను ఆ ఒప్పందం ఆపలేదు. గూళ్లు కట్టే చిన్న దీవులకు పడవలతో పాటు ఎలుకలూ పిల్లులూ చేరుతున్నాయి. ఎలుక ఒక్కసారి దీవిలో దిగితే చెట్టెక్కి గుడ్డు తింటుంది. మేత దీవుల్లో అడవి కొబ్బరి తోటగా, పామాయిల్ తోటగా, ఊరుగా మారుతోంది. నిద్ర దీవిలో ఎలుక, మేత దీవిలో గొడ్డలి. ఈ రెండిటిలో ఏ ఒక్కటి తగిలినా గుంపు మొత్తం పోతుంది. ఒక్క దీవిలోనే బతికే పక్షికి ఒక్క చోటే దెబ్బ తగులుతుంది, దీనికి రెండు చోట్ల.

థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ జాతీయ ఉద్యానంలో పర్యాటకులకు ఈ పావురాలు దగ్గరగా కనిపిస్తాయి. అక్కడ వేట లేదు, అందుకే భయం తక్కువ. వేట ఆగితే ఈ పక్షి మనిషి పక్కనే తిరగగలదని దానివల్ల తెలుస్తోంది.

మన దేశంలో చట్టం గట్టిగానే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ పావురం ఉంది. అదే చట్టంలోని 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులకు భంగం కలగదని చెబుతుంది. ఈ మినహాయింపును తప్పుపట్టే పక్షి ప్రేమికులు ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. నికోబార్ వాసులు ఈ పక్షితో కలిసి ఎన్నో తరాలు బతికారు, పక్షి మిగిలే ఉంది. గూళ్లున్న దీవులను, వాటి రుతువులను, రాకపోకల దారులను బాగా ఎరిగినవాళ్లు వాళ్లే. అండమాన్ నికోబార్ అధికార పక్షి అండమాన్ అడవి పావురం. నికోబార్ పావురానికి ఆ గౌరవం లేకపోయినా ఫరవాలేదు గానీ, దాని సంగతి తెలిసినవాళ్ల మాట మాత్రం రక్షణ ప్రణాళికల్లో ఉండాలి.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ దీవుల రూపాన్నే మార్చింది. భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ కొసనున్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ట్రింకెట్ దీవి ముక్కలైంది. తీరం వెంట మైళ్ల కొద్దీ అడవి ఉప్పునీటిలో నిలిచి చచ్చిపోయింది. తీరపు అడవిలోనే గుడ్లు పెట్టే నికోబార్ మెగాపోడ్ పక్షికి తగిలిన దెబ్బ మీద పరిశోధనలు వచ్చాయి. అవి సంఖ్యలో భారీ తగ్గుదల చూపాయి. చెట్ల మీద గూడు కట్టే పావురానికి నేరుగా తగిలిన దెబ్బ వేరు. అయినా మేత ఇచ్చే తీరపు అడవి పోవడం దానికీ నష్టమే. అలాంటి నష్టాన్ని అభయారణ్యం హద్దుల్లో నిలబడి కొలవలేం.

ఇప్పుడు ఆ దీవుల ముందున్న పెద్ద ప్రశ్న గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు. గలాథియా తీరంలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కలిపి తొలి అంచనాల్లో సుమారు 72,000 కోట్ల రూపాయల పథకమిది. దీనికి ముందు 2021లో గలాథియా బే అభయారణ్యాన్ని అభయారణ్యాల జాబితా నుంచి తీసేశారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించాలి. తోలు వీపు సముద్ర తాబేళ్ల గురించి, మెగాపోడ్ గురించి, ఆ దీవి ఆదివాసులైన షోంపెన్ ప్రజల గురించి ఎంతో చర్చ జరిగింది, జరగాలి కూడా. నికోబార్ పావురం పేరు ఆ చర్చలో ఎక్కడో జాబితాలో మాత్రమే వస్తుంది. దానికి బట్టిమాల్వ్ అభయారణ్యం ఉంది కదా అనుకోవడం వల్లే ఇలా జరుగుతోందని నా అనుమానం. నిజానికి ఈ పక్షికి గ్రేట్ నికోబార్ లాంటి పెద్ద దీవి అడవి నేల మేతపొలం. నరికే అడవికి పరిహారంగా హర్యానాలో మొక్కలు నాటే ఏర్పాటు చేశారు. హర్యానాలో ఎన్ని చెట్లు పెరిగినా నికోబార్ సముద్రం మీద ఎగిరే పక్షి అక్కడ మేయలేదు. దేశ రక్షణకూ వాణిజ్యానికీ ఆ రేవు అవసరమని చెప్పేవాళ్ల వాదన నాకు తెలుసు. ఆ అవసరాన్ని ఒప్పుకున్నా, ఏ అడవి ఏ పక్షుల మేతకు ఆధారమో రెక్కల లెక్కన తేల్చకుండా హద్దులు గీయడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు.

ఈ విషయంలో తెలుగువాళ్లం పూర్తిగా పరాయివాళ్లం కాదు. విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఓడలు నడుస్తాయి. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. 1969 నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే చుట్టుపక్కల స్థిరపరచిన మాజీ సైనికుల కుటుంబాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవీ ఉన్నాయి. ఆ దీవి భవిష్యత్తు వాళ్ల పిల్లల భవిష్యత్తు కూడా. డోడో గురించి మన పిల్లలు వినే ఉంటారు. దాని చుట్టం మన దేశపు జలాల మీదే రోజూ ఎగురుతోందని తెలుగు పాఠశాల పుస్తకాల్లో ఒక పేరా చేర్చడం కష్టం కాదు.

చేయాల్సిన పనుల్లో మొదటిది లెక్క. గుంపుగా నిద్రపోయే పక్షిని లెక్కించడం అడవిలో చెదిరిన పక్షిని లెక్కించడం కంటే తేలిక. సాయంత్రం వరుస కట్టి దీవికి వచ్చేటప్పుడు పడవ మీద నుంచి, తెల్ల తోకల ఆధారంగా, ఏటా అదే నెలల్లో లెక్క తీయవచ్చు. అవే వరుసలు పొద్దున ఏ దిక్కుకు పోతున్నాయో రాసుకుంటే మేత దీవి ఏదో తెలుస్తుంది. కొన్ని పక్షులకు ఉపగ్రహ ట్యాగులు కడితే ఇంకా కచ్చితమైన పటం వస్తుంది. ఆ పటం చేతికి వచ్చాక అభయారణ్యం అనేది ఒక దీవి చుట్టూ గీసిన గీత కాకుండా, గూటి దీవిని, మేత అడవిని, మధ్య దారిని కలిపే ఏర్పాటు కావాలి. గూళ్ల దీవుల్లో ఎలుకలున్నాయా అని ఏటా చూడాలి, ఉంటే తొలగించాలి. ఎన్నో దేశాల్లో చిన్న దీవుల నుంచి ఎలుకలను పూర్తిగా తొలగించిన అనుభవం ఉంది. ఈ పనులు నికోబార్ గిరిజన మండళ్ల చేతుల మీదుగా, వాళ్ల పడవల్లో, వాళ్ల యువకులకు జీతమిచ్చి చేయించాలి. గ్రేట్ నికోబార్‌లో తరవాతి విడత చెట్లు కొట్టకముందే ఈ పటం సిద్ధం కావాలి.